బ్యాంకాక్ టూర్‌కి సిమ్ కార్డ్: మా డీలర్ల గుంపులో ఎవరేం తీసుకున్నారు, ఎవరికేం అయింది

విదేశాలకు పోయే ముందు సిమ్ గురించి అడిగేవాళ్లు ఎవరైనా మొదట అడిగేది ఎన్ని జీబీలు వస్తాయి, ఎంత పడుతుంది అనే. డేటా సంగతి ఎక్కడికి పోయినా ఎట్లాగో సర్దుకుంటుంది. ముందు తేల్చుకోవాల్సింది మన ఇండియా నంబర్ సంగతి. దానికి ఫోన్లు వస్తే ఎవరు ఎత్తాలి, ఓటీపీలు ఎట్లా రావాలి, ఆ సిమ్ ఫోన్‌లోనే ఉంచాలా, తీసి పక్కన పెట్టాలా. ఇవి తేలితే అక్కడ ఏ సిమ్ కొనాలన్నది పెద్ద సమస్య కాదు. మా బ్యాంకాక్ టూర్‌లో నేను చేసింది, పక్కవాళ్లు చేసింది చూశాక ఈ మాట గట్టిగానే చెప్తున్నాను.

మాది హాలియా. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ఊళ్లు. మాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. టార్గెట్ కొట్టిన డీలర్లను కంపెనీలు టూర్లకు తీసుకుపోవడం మా లైన్‌లో మామూలే. ఈసారి బ్యాంకాక్, పటాయా అన్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు డీలర్లందరినీ ఒక గుంపు చేసి మే నెలలో పెట్టారు. యాసంగి కోతలు అయిపోయాయి, వానాకాలం ఇంకా మొదలు కాలేదు, కాబట్టి మాకు ఖాళీ అని వాళ్ల లెక్క. దుకాణం నడిపేవాడికి ఖాళీ ఎక్కడిది? ధాన్యం డబ్బులు పడే రోజులు, అంటే ఉద్దెర వసూలయ్యే రోజులు అవే. పత్తి గింజలు ఎప్పుడొస్తయి, ఏ రకం వస్తది అని ఫోన్లు. పచ్చిరొట్టకు జీలుగ, జనుము సబ్సిడీ మీద ఎప్పుడిస్తరని ఫోన్లు. సీజన్ సరుకుకు కంపెనీలకు డబ్బు కట్టాల్సింది కూడా అప్పుడే. కరెంట్ అకౌంట్ నుంచి ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాలు ఆన్‌లైన్‌లో ఇంకో బ్యాంకుకు పంపే పద్ధతి) కొడితే ఓటీపీ వచ్చేది నా నంబర్‌కే. దుకాణం బోర్డు మీద ఏళ్ల తరబడి ఉన్నదీ అదే నంబర్. టూర్ పేరు చెప్పి దాన్ని స్విచాఫ్ చేసి కూర్చుంటే నడవదు.

టూర్ ఏజెంట్ గ్రూపులో "సిమ్ కావాలంటే పేరు ఇవ్వండి, డబ్బు అదనం" అని మెసేజ్ పెట్టాడు. ఏ కంపెనీ సిమ్, ఎన్ని రోజులు, ఇండియాకు ఫోన్ చేసుకోవచ్చా అని అడిగితే "అన్నీ ఉంటయి సార్" అన్నాడు. అన్నీ ఉంటాయనేవాడి దగ్గర ఏం ఉంటుందో వ్యాపారంలో ఉన్నోళ్లకు తెలుసు. నేను పేరు ఇవ్వలేదు. వేరే పని మీద నల్లగొండ పోయినప్పుడు క్లాక్ టవర్ దగ్గర మా నెట్‌వర్క్ స్టోర్‌లో కూర్చుని తీరిగ్గా అడిగాను.

అక్కడి పిల్లవాడు ముందు రోమింగ్ ప్యాకే చెప్పాడు. ఇందులో కొత్త సిమ్ ఏమీ ఉండదు. మన సిమ్మే అక్కడి కంపెనీ టవర్ పట్టుకుంటుంది, బిల్లు మన కంపెనీ వేస్తుంది. దిగగానే పనిచేస్తుంది, క్యూలో నిలబడే పని లేదు, నంబర్ మారదు. ముసలివాళ్లకు, ఒకటి రెండు రోజుల పనికి పోయేవాళ్లకు ఇంతకు మించింది లేదు. కానీ ప్యాక్ పేపర్ చదివేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. రోజు అంటే మొదటిసారి వాడినప్పటి నుంచి 24 గంటలా, లేక క్యాలెండర్ తేదీయా? మనం పోయే దేశం ఆ ప్యాక్ లిస్టులో ఉందా? మధ్యలో విమానం మారే దేశం ఉందా? రోజు డేటా అయిపోతే వేగం తగ్గుతుందా, లేక ఛార్జీ మొదలవుతుందా? ఇవన్నీ ఒక ఎత్తు, ఇన్‌కమింగ్ కాల్స్ ఒక ఎత్తు.

మనం ఇక్కడ ఇన్‌కమింగ్‌కు పైసా కట్టకుండా అలవాటుపడ్డాం. రోమింగ్‌లో ఎత్తిన ప్రతి కాల్‌కూ డబ్బు పోయేది మనకే. ప్యాక్ ఉంటే ప్యాక్ నిమిషాల్లోంచి పోతుంది, అవి అయిపోతే మామూలు రోమింగ్ రేటు. ఎత్తకపోతే ఏమీ లేదు. వచ్చే ఎస్ఎంఎస్‌లకు మాత్రం డబ్బు లేదు. ఆ పిల్లవాడు "మీకు రోజుకు ఎన్ని ఫోన్లు వస్తయి సార్?" అని అడిగాడు. నోటితో చెప్పడం ఎందుకని కాల్ లిస్ట్ తీసి చేతికిచ్చాను. పైకి జరుపుతున్నాడు, జరుపుతున్నాడు, ఇంకా నిన్నటి తేదీ రావడం లేదు. ఫోన్ తిరిగిచ్చి, "గిది ప్యాక్‌తోని అయ్యే పని కాదు సార్" అన్నాడు. సరుకు అమ్మడం వాడి పని అయినా ఉన్నమాట చెప్పినందుకు వాడంటే గౌరవం కలిగింది.

అప్పుడే తేలింది. మాటలు వేరు, ఓటీపీలు వేరు. మాటలు ఇక్కడే ఉండాలి, ఓటీపీలు నా వెంట రావాలి.

మాటల సంగతి కాల్ ఫార్వర్డింగ్‌తో తీరింది. దుకాణం చూసుకునేది మా అన్న కొడుకు. నాకొచ్చే కాల్స్ అన్నీ వాడి నంబర్‌కు మళ్లించాను. ఇందులో ఒక మెలిక ఉంది, అది తెలిస్తేనే పనికొస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ రకాలు కనిపిస్తాయి: ఎప్పుడూ ఫార్వర్డ్ చేయి, బిజీగా ఉంటే చేయి, ఎత్తకపోతే చేయి, అందకపోతే చేయి. విదేశాలకు పోయేవాళ్లు పెట్టాల్సింది మొదటిదే. అది పెడితే కాల్ మన నెట్‌వర్క్‌లోనే మళ్లుకుని నేరుగా రెండో నంబర్‌కు పోతుంది, దేశం దాటదు. "ఎత్తకపోతే" అన్నది పెట్టామనుకోండి, కాల్ ముందు బ్యాంకాక్ దాకా వచ్చి, మనం ఎత్తక, మళ్లీ ఇండియాకు తిరిగి పోతుంది. రానూ పోనూ రెండు వైపులా ఛార్జీ పడే దారి అది. మళ్లేది మాటలే కాబట్టి ఎస్ఎంఎస్‌లు ఎప్పటిలాగే మన ఫోన్‌కు వస్తాయి. నాకు కావాల్సింది సరిగ్గా అదే.

ఫార్వర్డింగ్ బయలుదేరే ముందే ఇక్కడే పెట్టి, ఇంకో ఫోన్ నుంచి చేసి చూసుకోవాలి. నాది సెట్టింగ్స్‌లోంచే అయింది. పాత *401# కోడ్ పద్ధతిని మోసగాళ్లు వాడుకుంటున్నారని టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపించింది. ఎవరైనా ఫోన్ చేసి ఈ కోడ్ కొట్టండి, ఆ కోడ్ కొట్టండి అంటే కొట్టకండి, మన ఓటీపీ కాల్స్ వాడికి పోతాయి. తిరిగొచ్చాక అన్ని ఫార్వర్డింగ్‌లూ తీసేయడానికి ##002# పనిచేస్తుంది.

మా అన్న కొడుకు మాత్రం "బాబాయ్, గిన్ని ఫోన్లు నేనే ఎత్తాల్నా?" అని ముఖం మాడ్చుకున్నాడు. ఎత్తాల్సిందే.

ఇక ఫోన్. నాది రెండు సిమ్‌ల ఫోనే గానీ రెండో గడి హైబ్రిడ్, అంటే అందులో సిమ్మో మెమరీ కార్డో ఏదో ఒకటే పడుతుంది. నాకు మెమరీ కార్డు ఉంది. బయలుదేరే ముందు అందులోని ఫొటోలు దుకాణం కంప్యూటర్‌లోకి ఎక్కించి కార్డు తీసేశాను. ఇది ఇంట్లో ప్రశాంతంగా చేయాల్సిన పని, ఎయిర్‌పోర్టులో కాదు. ట్రే తీసే పిన్ను కూడా పర్సులో పెట్టుకున్నాను.

ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్, పనిచేస్తుందా అని కూడా చూశాను. *#06# కొడితే ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని పొడుగాటి నంబర్ కనిపిస్తే ఆ ఫోన్‌లో ఈసిమ్ ఉన్నట్టు. నా ఫోన్‌లో కనిపించలేదు. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ నుంచి ఉంటుంది. మా గుంపులో జడ్చర్ల తమ్ముడిది కొత్త ఐఫోన్. వాడు ఈసిమ్ తీసుకున్నాడు. విదేశీ ఈసిమ్ యాప్‌లలో బాగా పేరున్న ఎయిరాలో, హోలాఫ్లై మన దేశంలో యాప్ స్టోర్ల నుంచి 2024 జనవరిలో తొలగించబడ్డాయి. విదేశీ సిమ్‌లు ఇక్కడ అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి ఉండాలి. అనుమతి ఉన్న కంపెనీ అయితే పాస్‌పోర్ట్ కాపీ అడుగుతుంది. అడిగితే విసుక్కోకండి, అడక్కపోతేనే అనుమానించాలి.

బయలుదేరే రోజు మల్లేపల్లి, ఇబ్రహీంపట్నం మీదుగా శంషాబాద్ చేరాం. థాయిలాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి చేసింది. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. మెయిల్‌కు వచ్చిన ఆ క్యూఆర్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమని అందరికీ చెప్పాను. దిగగానే ఇంటర్నెట్ ఉండదు కదా. హోటల్ పేరు, అడ్రస్ కూడా అట్లాగే ఫొటోగా పెట్టుకోవాలి.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దాటి సామాను తీసుకుని బయటికొస్తే సిమ్ కౌంటర్లు వరసగా ఉంటాయి. అక్కడి ఫోన్ కంపెనీలు ముఖ్యంగా ఏఐఎస్, ట్రూ. డీటాక్ అని ఇంకోటి ఉండేది, అది 2023లో ట్రూలో కలిసిపోయింది. టూరిస్టులకు రోజుల లెక్కన ప్యాక్‌లు. ఊళ్లో సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లోనూ దొరుకుతాయి, ఎయిర్‌పోర్టు కన్నా కొంచెం తక్కువకు. ఎక్కడ కొన్నా పాస్‌పోర్ట్ చూపాల్సిందే. నేను ఎయిర్‌పోర్టులోనే కొన్నాను. ఆ కొంచెం తేడా కోసం రాత్రి పూట కొత్త ఊళ్లో నెట్ లేకుండా తిరగడం నాకు నచ్చలేదు. పైగా ఇక్కడ సిమ్ వేసి, నెట్ వచ్చిందని చూపించాకే పంపిస్తారు. మన ఫోన్లకు అక్కడ సిగ్నల్ ఇబ్బంది ఏమీ లేదు. 4జీకి వాళ్లు ఎక్కువగా వాడే బ్యాండ్లు (సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలు) 1, 3, 8 మన దగ్గర అమ్మే ఫోన్లలో ఉన్నవే.

కౌంటర్లో ఉన్న అమ్మాయి చేతి వేగం చూడాలి. పాస్‌పోర్ట్ స్కాన్ చేసింది, నా ఫొటో తీసింది, ట్రే లాగింది, మెమరీ కార్డు ఉండే గడిలో కొత్త సిమ్ పెట్టి లోపలికి తోసింది. మా గుంపులో ఎందరికి అట్లా చేసిందో, ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు కూడా పట్టలేదు. నా దగ్గరికి వచ్చేసరికి సెట్టింగ్స్ తెరిచి ఆగిపోయింది. నా ఫోన్ మొత్తం తెలుగులో ఉంటుంది. ఒకసారి స్క్రీన్ వైపు, ఒకసారి నా వైపు చూసి, నవ్వి, ఫోన్‌ను కౌంటర్ మీద నా వైపు తిప్పి పెట్టింది. తన ఫోన్‌లో అదే పేజీ తెరిచి ఎక్కడ నొక్కాలో వేలితో చూపిస్తే నేను నా దాంట్లో అదే వరుసలో నొక్కాను. గేర్ గుర్తు, తర్వాత సిమ్ బొమ్మ, తర్వాత మూడో వరుస. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, పని మాత్రం అయిపోయింది. వెనక నిలబడి చూస్తున్న మా గుంపులోని దేవరకొండ అన్న "ఏందన్నా, పిల్లకు తెలుగు నేర్పిస్తున్నవా?" అని ఒకటే నవ్వు.

ఆ సెట్టింగ్స్‌లో నేను పెట్టినవి ఇవి. మొబైల్ డేటా థాయ్ సిమ్ మీద. ఇండియా సిమ్ ఆన్‌లోనే, కానీ దానికి డేటా రోమింగ్ ఆఫ్. కొన్ని ఫోన్లలో సిగ్నల్ తగ్గితే డేటా తనంతట తానే రెండో సిమ్‌కు మారే ఆప్షన్ ఉంటుంది, అదీ ఆఫ్. ఇది చాలామంది చూడరు. వాట్సాప్ కొత్త సిమ్ చూసి నంబర్ మారుస్తారా అని అడిగితే వద్దు అనాలి. అంతే, వాట్సాప్ పాత నంబర్ మీదే నడుస్తుంది.

ఇండియా సిమ్‌కు మొదట సిగ్నల్ రాలేదు. ఆటోమేటిక్‌లో అది మా కంపెనీతో ఒప్పందం లేని టవర్ కోసం తిరుగుతోంది. నెట్‌వర్క్ ఎంపికలో ఆటోమేటిక్ తీసేసి, కనిపించిన పేర్లలో ఒక్కొక్కటి నొక్కి చూస్తే రెండో దానికి పట్టుకుంది. వెంటనే మా నెట్‌వర్క్ నుంచి స్వాగతం మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ వచ్చిందంటే ఓటీపీలూ వస్తాయి.

వచ్చాయి కూడా. పటాయాలో పొద్దున టిఫిన్ దగ్గర కూర్చుని కంపెనీకి ఆర్టీజీఎస్ చేశాను. అక్కడి టైం మనకన్నా గంటన్నర ముందు, ఇక్కడ ఇంకా దుకాణం షట్టర్ కూడా లేవని టైం. ఆర్టీజీఎస్ 2020 డిసెంబర్ నుంచి 24 గంటలూ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మొదటి ఓటీపీ గడువు అయిపోయాక వచ్చింది. మళ్లీ పంపమంటే ఈసారి వెంటనే వచ్చింది. రోమింగ్‌లో ఇట్లాంటి ఆలస్యం ఉంటుంది, అందుకే చివరి నిమిషంలో కట్టే పని పెట్టుకోకూడదు. బ్యాంకు పనికి హోటల్ వైఫై వాడలేదు, సిమ్ డేటా మీదే చేశాను. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు సిమ్ ఫోన్‌లో ఉందో లేదో చూసుకుంటాయి. సిమ్ తీసేస్తే మళ్లీ వెరిఫై చేయమంటాయి, దానికి మన ఫోన్ నుంచి ఎస్ఎంఎస్ పోవాలి, దానికి రోమింగ్ ఛార్జీ. సిమ్ లోపలే ఉంటే ఈ గోల లేదు.

ఇప్పుడు మిగతావాళ్ల సంగతి.

దేవరకొండ అన్నది రోమింగ్ ప్యాక్. డేటా బాగానే వచ్చింది. కానీ ఆయన ఫోన్ ఎత్తకుండా ఉండలేడు. పత్తి గింజల టైం, ఆయన ఏరియా అంతా పత్తి. బోటు ఎక్కుతూ ఎత్తుతాడు, అన్నం తింటూ ఎత్తుతాడు. ఒక రైతు పోయినేడు మొలకెత్తని ప్యాకెట్ల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పి, ఆఖరికి "యాడున్నవ్ సేటూ" అన్నాడు. "పటాయాల ఉన్న." "పటాన్‌చెరుల ఏం పని?" ఇట్లా నిమిషాలన్నీ రెండో రోజుకే అయిపోయాయి. ప్యాక్ అయిపోయిన మెసేజ్ చూసుకుని మళ్లీ ప్యాక్ వేయించుకున్నాడు. ప్యాక్‌ది తప్పు కాదు. తక్కువ ఫోన్లు వచ్చే మనిషికి అదే ప్యాక్ హాయిగా సరిపోయేది.

జడ్చర్ల తమ్ముడి ఈసిమ్ కథ వేరే. ఇంటి దగ్గరే వైఫై మీద క్యూఆర్ స్కాన్ చేసి ఎక్కించుకున్నాడు, అది మంచి పనే. సువర్ణభూమిలో దిగాక నెట్ రాలేదు. అసలు కారణం చిన్నది. ఈ ట్రావెల్ ఈసిమ్‌లు చాలావరకు వేరే దేశపు కంపెనీవి, థాయిలాండ్‌లో అవి కూడా రోమింగ్ మీదే నడుస్తాయి. కాబట్టి ఆ ఈసిమ్‌కు డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి. ఇండియా సిమ్‌కు ఆఫ్, దీనికి ఆన్. వాడేమో రోమింగ్ అంటేనే డబ్బు పోతదన్న టెన్షన్‌తో రెండింటికీ ఆఫ్ పెట్టాడు. నెట్ రాకపోయేసరికి ఈసిమ్‌ను డిలీట్ చేసి మళ్లీ ఎక్కిద్దామనుకున్నాడు. ఆ క్యూఆర్ ఒక్కసారికే పనిచేసే రకం. ఆ కంపెనీ వాళ్లతో చాట్ చేయాలన్నా నెట్ కావాలి కదా, నా హాట్‌స్పాట్ ఇచ్చాను. కొత్త క్యూఆర్ మరుసటి రోజు వచ్చింది. వచ్చాక మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. ఈసిమ్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి, చాలా ప్లాన్‌లలో డేటా మాత్రమే ఉంటుంది, ఫోన్ నంబర్ ఉండదు. హోటల్ వాళ్లకో డ్రైవర్‌కో మామూలు కాల్ చేయాలంటే కుదరదు.

నాగర్‌కర్నూల్ పెద్దాయన ఏమీ తీసుకోలేదు. "నాల్గు దినాలకు సిమ్మెందుకు, హోటల్ల వైఫై ఉంటది కదా" అన్నాడు. రాత్రి మార్కెట్లో తప్పిపోయాడు. మేం ఫోన్ చేస్తే స్విచాఫ్. పెద్దాయనకు భయమేమీ లేదు గానీ మాకు చెమటలు పట్టాయి. హోటల్ కార్డు జేబులో ఉండబట్టి, దాన్ని మన షేర్ ఆటో లాగా జనాన్ని ఎక్కించుకునే ఒక ట్రక్కువాడికి చూపించి ఎక్కి కూర్చుని మాకన్నా ముందే హోటల్ చేరాడు. మేం పోయేసరికి లాబీలో కాళ్లు చాపుకుని "ఎక్కడికి పోయిండ్రు మీరంతా?" అని మమ్మల్నే అడిగాడు. ఆ తర్వాత ఆయనకు నా హాట్‌స్పాట్ పెట్టాను. దాంతో టూర్ అయిపోయేదాకా నా వెంటే తిరిగాడు. టూరిస్ట్ సిమ్ కొనేటప్పుడు హాట్‌స్పాట్ ఇస్తారా అని అడగడం మంచిది. ఇద్దరు ముగ్గురు కలిసి తిరిగేటట్టయితే ఒక్క సిమ్‌తో అయిపోతుంది. ఆపద వస్తే థాయిలాండ్ టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, అది అందరి ఫోన్లలో ఎక్కించాను.

ఏజెంట్ ఇచ్చిన సిమ్‌లు తీసుకున్నవాళ్లకు కూడా నెట్ వచ్చింది. అవి కూడా కౌంటర్లలో అమ్మే టూరిస్ట్ సిమ్‌లే, ధర మాత్రం వేరే.

ఇంటికొచ్చాక ఫార్వర్డింగ్ తీసేశాను. మా అన్న కొడుకు ఒక నోట్‌బుక్ నా ముందు పెట్టాడు. నాకొచ్చిన ఫోన్లన్నీ పేరు, ఊరు, కావాల్సిన మందు, రావాల్సిన బాకీ అని గీతలు గీసి మరీ రాశాడు. నేనే ఎత్తి ఉంటే సగం మర్చిపోయేవాణ్ని.

అప్పటి నుంచి మా చుట్టాల్లో ఎవరు ఎటు పోయినా సిమ్ గురించి నన్నే అడుగుతున్నారు. థాయిలాండ్ మాట అన్ని దేశాలకూ చెల్లదు. మహబూబ్‌నగర్ వైపు నుంచి దుబాయ్, షార్జాలకు పనికి పోయేవాళ్లు జీబీలు చూసి సిమ్ కొంటే ఇబ్బంది పడతారు. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు పోతాయి గానీ వాట్సాప్ కాల్స్ పోవు, అక్కడ నెట్ కాల్స్‌కు అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లే వాడాలి. ఊళ్లో ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా అది ఉండాలి. టూరిస్టుగా పోతే పాస్‌పోర్ట్ మీద సిమ్ ఇస్తారు, అక్కడ ఉండేవాళ్లకు ఎమిరేట్స్ ఐడీ కావాలి. సౌదీలో ఉండేవాళ్లకు ఇకామా (అక్కడి నివాస పర్మిట్)తో పాటు వేలిముద్ర కూడా.

ఇప్పుడు మా మేనమామ, అత్తమ్మ డాలస్ పోతున్నారు, బిడ్డ కాన్పుకు. ఆరు నెలలు. అమెరికా లెక్క పూర్తిగా వేరు. అక్కడ పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ మూసేశాయి, మాట్లాడాలన్నా 4జీ మీదే పోవాలి. ఏటీ అండ్ టీ అయితే తన నెట్‌వర్క్‌లో నడిచే ఫోన్ల లిస్టు పెట్టింది, అందులో లేని ఫోన్ ఎంత మంచిదైనా చిక్కే. పైగా అక్కడి 12, 13, 66, 71 లాంటి బ్యాండ్లు మన దగ్గరి చవక ఫోన్లలో చాలావాటికి ఉండవు. బ్యాండ్ లేకపోతే సిటీలో సిగ్నల్ వచ్చినా ఊరు దాటితే పోతుంది. అందుకే మామకు సిమ్ కన్నా ముందు ఫోన్ చూడమన్నాను.

"ఫోన్ బాధ లేదురా, బిడ్డ తన పాత ఐఫోన్ ఇస్తనన్నది" అన్నాడు మామ. అది అమెరికాలో కొన్న ఐఫోన్ 14. అక్కడ అమ్మిన 14 నుంచి సిమ్ ట్రేనే ఉండదు, అంతా ఈసిమ్. మామ ఇండియా సిమ్‌ను అందులో ఎక్కడ పెడతాడు? ఆ నంబర్‌కే పెన్షన్ మెసేజ్‌లు, బ్యాంకు ఓటీపీలు. దారి రెండే. ఇక్కడి ఫోన్‌ను ఇండియా సిమ్‌తో వెంట తీసుకుపోయి ఓటీపీల కోసం ఇంట్లో పెట్టుకోవడం, లేదా ఇక్కడున్నప్పుడే ఇండియా నంబర్‌ను ఈసిమ్‌గా మార్పించుకోవడం. రెండోది అక్కడికి పోయాక చేద్దామంటే తలనొప్పి. నేను మొదటిదే చెప్పాను, మామకు అలవాటైన ఫోన్ చేతిలో ఉంటుంది. అమెరికా నంబర్‌కు బిడ్డ తన ఫ్యామిలీ ప్లాన్‌లోనే ఇంకో లైన్ కలిపితే సరిపోతుంది.

ఆరు నెలలు అంటే ఇండియా నంబర్ బతికి ఉండడం కూడా చూడాలి. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు అసలే వాడకపోతే, బ్యాలెన్స్ 20 రూపాయల కన్నా తక్కువ ఉంటే, కంపెనీ ఆపేయవచ్చు. 20 ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతుంది. ఇది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూలు. దాన్ని నమ్ముకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ప్లాన్ గడువు అయిపోతే మెసేజ్‌లు రావడం ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు ఇవ్వాలని కంపెనీలకు చెప్పింది, గడువు 365 రోజుల దాకా పెట్టుకోవచ్చని కూడా. ఓటీపీల కోసమే నంబర్ ఉంచుకునే మామ లాంటివాళ్లకు అట్లాంటి పొడుగు గడువు ప్యాక్ ఒకసారి వేయించి పోవడం మేలు. విమానం ఎక్కే ముందు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్‌లో ఉందో లేదో కూడా అడిగి తెలుసుకోవాలి, లేకపోతే ఆ సిమ్‌కు అక్కడ సిగ్నలే రాదు.

అత్తమ్మకు వేరే సిమ్ కావాలా అన్నది ఇంకా తేలలేదు. ఆమె ఫోన్ బ్యాండ్లు చూస్తా, మోడల్ నంబర్ పంపమన్నాను. మామ ఫోన్ వెనక కవర్ ఫొటో తీసి పంపాడు, దాని మీద వేంకటేశ్వర స్వామి స్టిక్కర్ తప్ప ఏమీ కనిపించడం లేదు. సెట్టింగ్స్‌లో కింద "ఫోన్ గురించి" అని ఉంటుంది మామా, అది తెరువు అంటే దొరకడం లేదంటున్నాడు. ఆదివారం దుకాణం మధ్యాహ్నానికే కట్టేసి నేనే పోయి చూస్తాను.